గడపకు అడ్డంగా పడుకున్న మనిషి

పోయిన మంగళవారం మా పిడికెళ్ళవ్వను మట్టిచేసి వచ్చాం. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నాకు ఆ మర్యాద చేతకాదు. ఆమె మీద పద్నాలుగేళ్ళు కోపంగా ఉన్నాను. మనిషి పోయింది గాని కోపం ఇంట్లోనే ఉంది. దాన్నేం చేసుకోవాలో తెలియక కుట్టుమిషను మీది జాకెట్లు పక్కకు తోసి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఆమెకు వేరే పేరుంది. గుడి పుస్తకంలో ఉంది, రేషన్ కార్డులో ఉంది, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. బెళుగుప్ప పక్కన మా పేటలో నలభై ఇళ్ళు, అన్నీ ఏసయ్య గుడికి పోయే ఇళ్ళే. మా ఆడవాళ్ళకొక ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుని పేరు చెప్పి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాం. వండిన ప్రతిసారీ వేస్తాం. శనివారం పొద్దున ఆమె జోలె వేసుకుని గుడి తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోయించుకునేది. పేటలో ఎవరింట్లో పొయ్యి రాజకపోతే వాళ్ళకని ఆ బియ్యం. అట్లా ఆమె పిడికెళ్ళవ్వ అయింది.

పొడుగు మనిషి. ఎడమకాలు కొంచెం కుంటు. చెవి తమ్మెలు సాగి వేలాడుతుండేవి, వాటికి కమ్మలు చూసిన గుర్తు లేదు. కుంటుతూ నడిచినా చేతికర్ర పట్టేది కాదు. ఎందుకవ్వా అంటే, "కట్టె చేతిలో ఉంటే ఎవురినో ఒగర్ని అదిలించాలని బుద్ధి పుడతాది మే" అనేది. కుక్కల్ని కూడా నోటితోనే తరిమేది. ఆ నోటికి కుక్కలేంది, మనుషులే పక్కకు తప్పుకునేవాళ్ళు.

పేటలో కొట్లాట లేచిందంటే మాత్రం ఎక్కడున్నా కుంటుకుంటూ వచ్చేది. ఎవడి చేతిలో కట్టె ఉందో చూసి తిన్నగా వాడి దగ్గరికే పోయేది. "ఒరే అబ్బీ, కాలు పీకుతాంది, కుంటిదాన్ని, ఆ కట్టె ఇట్లియ్యప్పా, ఇల్లు చేరుకుంటా" అనేది. ముసలామె, కుంటిది, కట్టె అడిగితే ఇవ్వకుండా ఉండేదెట్లా? వాడు ఇచ్చేవాడు. ఆమె దాన్ని ఊతగా పొడుచుకుంటూ ఇంటికి పోయి పొయ్యిలో పెట్టేది. మరుసటి రోజు కట్టె అడగడానికి పోతే, "సంకటి అయిపోయినాది రా. బాగా మండింది. మంచి కట్టె" అని నవ్వేది. మా పేట మగవాళ్ళ కట్టెలతో ఆమె ఎన్ని ముద్దల సంకటి కెలికిందో దేవునికే తెలియాలి. తెలిసీ తెలిసీ ప్రతిసారీ ఇచ్చేవాళ్ళు, అదీ విచిత్రం.

సాధుజంతువు అనుకునేరు, కాదు. క్రిస్మసుకు పేటలో సగం కోళ్ళు ఆమె చేతిలోనే తెగేవి. "అవ్వా, నువ్వు కొట్టద్దు చంపద్దు అంటావు, మల్లా ఇదేంది?" అని నేనే ఒకసారి అడిగాను. "కోడిని కొయ్యద్దని ఏసయ్య యాడ చెప్పినాడే? మనిషి మీదికి చెయ్యెత్తద్దన్నాడు. నీళ్ళు కాగినాయేమో చూడుపో" అంది.

పండగేదైనా ఆమె పిల్లలకు చెప్పేది ఒకటే కథ. పుట్టిన పండగకూ అదే, తిరిగి లేచిన పండగకూ అదే. గుడి అయ్యగారు విసుక్కునేవారు. కథ చెబుతూ తన సాగిన తమ్మెను వేళ్ళతో పట్టుకునేది.

"ఏసయ్యను పట్టకపోను వచ్చినారు గదా, కత్తులు కట్టెలు ఎత్తుకొని. శిష్యుడు ఒగడు రేగిపోయి ఆ వచ్చినోళ్ళలో ఒగని చెవి తెగనరికినాడు. మనమైతే ఏమందుము? భలే చేసినావురా అందుము. ఆయప్ప ఏం చేసినాడు? నీ కత్తి లోపల పెట్టుకోప్పా అని, వాని చెవి మల్లా అతికించినాడు. సిలువకు పోకముందు ఆయప్ప చేసిన కడపటి వైద్యం అది. ఎవురికి చేసినాడు? కట్టేసి లాక్కపోను వచ్చినోనికి!"

మా నాయన బతికున్నప్పుడు ఆమెతో వాదం వేసుకునేవాడు. "ఒగ చెంప కొడితే ఇంగో చెంప చూపీమంటారు మీ గుళ్ళో. మనకు రెండు చెంపలూ ఎప్పుడో అయిపోయినాయి గదే. మా నాయనవి, మా జేజినాయనవి గూడా అయిపోయినాయి. కొట్టేటోళ్ళకు చెప్పుపో ఈ నీతులు" అనేవాడు. ఆమె ఒప్పుకునేది. "నిజమే చెప్పినావు. దెబ్బ ఎట్ల నొస్తాదో మనకు తెలిసినట్ల వాళ్ళకు తెల్దు. తెలిసినోనివి, నువ్వు ఇంగొకనికి ఎట్ల పెడతావు?" మా నాయన తల గోక్కుని బీడీ వెలిగించుకునేవాడు. నాకు మాత్రం మా నాయన మాటే సరిగ్గా తోచేది. ఇప్పటికీ సగం అట్లాగే తోస్తుంది.

మా అన్నను చంపింది పక్క చేని అతను. ఫ్యాక్షనూ కాదు, పార్టీలూ కాదు. ఇద్దరూ చిన్నప్పటినుంచి ఒక బీడీ చెరిసగం తాగినవాళ్ళు. మూడు బోర్లు ఎండిపోతే నాలుగోది ఇద్దరూ కలిసి వేయించారు, అందులో కాసిన్ని నీళ్ళు పడ్డాయి. ఒక రోజు మాకు, ఒక రోజు వాళ్ళకు వంతు. ఆ ఏడు వాన లేదు. వేరుశనగ ఊడలు దిగే సమయం, చేను వాడిపోతోంది. కరెంటు ఉండేదే నాలుగు గంటలు. అతని వంతు రోజున మా అన్న నీళ్ళు మా చేనికి మళ్ళించుకున్నాడు. మాటా మాటా పెరిగింది. పార తిరగేసి ఒక్క దెబ్బ. అనంతపురం ఆసుపత్రికి చేరేలోపలే మా అన్న పోయాడు. అతను పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా బోరు పక్కనే కూర్చుని ఉన్నాడట.

వంతు తప్పింది మా అన్నే. ఈ మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు, కనీసం రాస్తున్నాను.

మా వదిన రెండేళ్ళకు ఇంకో పెళ్ళి చేసుకుని పోయింది, ఆమెను తప్పు పట్టను. అన్న పోయేనాటికి మేనల్లుడికి పదేళ్ళు. నేను అప్పటికే మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చి ఉన్నదాన్ని, పిల్లాజెల్లా లేరు. వాణ్ణి నేనే పెంచాను. ఎండాకాలం వాడికి ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వంచి పట్టుకుని గంటలు కూర్చున్నదాన్ని. అత్తా అని పిలిచేవాడు గాని నాకు వాడు కొడుకే.

అతను జైలుకు పోయాక అతని పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు పేటలోనే ఉన్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఆమెను కూలికి పిలిచినవాళ్ళు మా గడప తొక్కొద్దని. అందరూ విన్నారు. ఎవరూ పనికి పిలవలేదు, ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లలు బక్కచిక్కిపోతుంటే చూశాను. చూసి సంతోషపడ్డాను. దాచడం దేనికి?

ఒక రోజు జాకెట్టు ఇవ్వడానికి పోతూ ఆ ఇంటి ముందు నుంచి నడిచాను. ఆమె అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఒక ఇంటి బియ్యం ఒకే తీరుగా ఉంటుంది. ఆ చాటలోవి లావు రేషన్ బియ్యం, సన్న బియ్యం, నూకలు, మధ్య మధ్య కొర్రలు, అన్నీ కలగలిసి ఉన్నాయి. పిడికెళ్ళ బియ్యం మా పేట ఆడది ఎవరైనా కళ్ళు మూసుకుని చెప్పగలదు. అంటే మా అమ్మ, కొడుకు పోయిన మా అమ్మ, రోజూ కళ్ళు తుడుచుకుంటూ తీసిపెట్టిన పిడికెడు ఏడాదిగా పోతున్నది ఆ ఇంటికి!

శనివారం దాకా పళ్ళు బిగపట్టుకున్నాను. ఆమె వచ్చి, మా అమ్మ కుండ తెస్తుండగా, జోలె పట్టుకుని లాగాను.

"ఈ బియ్యం యాడికి పోతాండాయి అవ్వా?"

ఆమె తడబడలేదు. "ఆ పిల్లోళ్ళకు" అంది.

"మాకు చెప్పినావా?"

"చెప్పింటే ఇచ్చిందురా?"

"ఇయ్యం! సచ్చినా ఇయ్యం!"

"అందుకే చెప్పల్యా."

"అది దొంగతనం కాదా?"

"దొంగతనమే. ఆయన అడిగితే నేను జవాబు చెప్పుకుంటా. నువ్వు బాధపడద్దు."

బాధపడొద్దట! నా ఒళ్ళు మండిపోయింది. జోలె లాక్కుని వీధిలోకి గిరాటేశాను. ఇరవై ఇళ్ళ బియ్యం మట్టిలో పోశాను. నోటికి వచ్చినట్టల్లా తిట్టాను, మా అన్న రక్తం కూడు చేసి పెట్టినావే అన్నాను. క్షమించేదో లేదో మా చేతిలో ఉండాల్సిన పని. అడిగితే కాదనేవాళ్ళం, కాదనే హక్కు మాకుంది. అది కూడా మాకు మిగల్చకుండా పిడికెడు పిడికెడుగా మా ఇంట్లోంచి ఎత్తుకుపోయింది. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను.

ఆమె కూర్చుని కాసేపు ఏరింది. ఈలోపు కోళ్ళు వచ్చి పడ్డాయి. వాటిని తోలలేదు. ఖాళీ జోలె దులుపుకుని, "తిననీలే. అవి గూడా ఆకలితోనే గదా వచ్చినాయి" అని కుంటుకుంటూ పోయింది. పేటలో ఏ ఆడదీ నన్ను ఒక్క మాట అనలేదు.

మా అమ్మ నెల రోజులు పిడికెడు తీయలేదు. తర్వాత ఒక రోజు చూస్తే కుండలో బియ్యం ఉన్నాయి. "తెలిసే ఏస్తాండావా మా?" అని అరిచాను. మా అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. "నలభై ఏండ్ల అలవాటు గదే. ఎసట్లో పోయబోతే చెయ్యి దానంతట అదే పక్కకు పోతాండాది. నేనేం చేసేది?" అంది. ఆమె ఉన్నన్నాళ్ళూ అట్లాగే వేసింది. పిడికెళ్ళవ్వ శనివారం శనివారం వచ్చి పోయించుకుపోయేది. నేను మిషను మీదినుంచి తలెత్తేదాన్ని కాదు.

అమ్మ పోయిన మరుసటి ఎండాకాలం అతన్ని విడిచిపెట్టారు. పొద్దున బస్సుకు దిగాడని కబురు వచ్చింది. మా మేనల్లుడికి పంతొమ్మిదేళ్ళు. వాడు దూలంలో దోపిన కొడవలి తీసి వేలితో పదును చూసుకున్నాడు. వద్దని నేను అనాలి కదా? పెంచిన దాన్ని కదా? నేను తొమ్మిదేళ్ళు వాడికి అన్నంతోపాటు పెట్టింది ఆ పగే, ఇంకెట్లా వద్దంటాను?

వాడు గడప దాకా వచ్చేసరికి పిడికెళ్ళవ్వ ఎదురైంది. ఎవరు చెప్పారో తెలియదు. వాడి చేతిలోది చూసింది. "అబ్బా, నడుము పడిపోయినాది రా నాయనా" అంటూ మా గడపకు అడ్డంగా, తల కింద చెయ్యి పెట్టుకుని, పడుకుంది.

మా ఇంటికి ఒకటే వాకిలి. అడ్డంగా పడుకున్న మనిషిని దాటకూడదని మా పక్క పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. చంటిబిడ్డను పొరపాటున దాటితే ఎదగదని మళ్ళీ వెనక్కి దాటిస్తాం. పెద్దవాళ్ళను దాటడమంటే చెప్పనక్కర్లేదు.

"లెయ్ అవ్వా" అన్నాడు వాడు.

"లెయ్యను చేతకాదప్పా. నువ్వే ఎత్తి పక్కన పెట్టు."

వాడు వంగి ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని లాగాడు. కదల్లేదు.

"ఒంటి చేత్తో యాడ లేస్తాను? బరువు మనిషిని. రెండు చేతులూ కావాల. అది కింద పెట్టి ఎత్తు."

వాడు కొడవలి కింద పెట్టడు, ఆమె లేవదు. ఎండ గడప మీదికి వచ్చింది. ఆమె ముఖం చెమటతో తడిసిపోయింది. వాడు కొడవలిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నాకు అర్థమైపోయింది, ఇంకాసేపుంటే వాడు మెత్తబడతాడని. అప్పుడు అరిచాను. నా గొంతు అంత ఉంటుందని నాకే తెలియదు.

"దాటురా! ఏం చూస్తాండావు? మీ నాయనకు పుట్టినోనివైతే దాటు! పోయి నరుకు వాన్ని!"

వాడు కాలెత్తాడు. కాలు ఆమె నడుము మీదుగా గాలిలో ఉంది. ఆమె ఆ కాలు పట్టుకోలేదు. కిందినుంచి వాడి ముఖంలోకి చూసి మెల్లగా అంది. "దాటితే దాటు నాయనా. నేను యాడికీ పోను. నువ్వు వచ్చేదాక ఈడే ఉంటా, మల్లా వెనక్కి దాటుదువు."

వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. కొడవలి గోడవారగా పెట్టి, రెండు చేతులతో ఆమెను ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఆమె మెడలో ముఖం పెట్టి, తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఏడవనివాడు, పసిపిల్లాడి మాదిరి ఏడ్చాడు. నేను లోపలికి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజు నాకు వాడి మీద అసహ్యం వేసింది. చెప్పకూడదు గాని వేసింది.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాలు చెప్పే సమయంలో పిడికెళ్ళవ్వ లేచి నిలబడింది. "నేను ముసిల్దాన్ని, నడుము నొచ్చి ఆడ పండుకోనుంటి, అంతే. బిడ్డను ఆపింది వాళ్ళత్త. చెయ్యి పట్టుకొని ఆపింది. సొంత అన్నను పోగొట్టుకొన్న మనిషి అట్ల ఆపిందంటే ఊరికేనా?" అంది. అందరూ స్తోత్రం అన్నారు. మేనల్లుడు నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను నోరు తెరవలేదు.

బయటికి వచ్చాక ఆమెను పట్టుకున్నాను. "ఎందుకు చెప్పినావు ఆ అబద్ధం?"

"నువ్వు ఈ పేటలో బతకాల గదమ్మా. వాడు నీ చేతి కూడు తినాల గదా" అంది. అని పోయింది.

అప్పటినుంచి ఆరేళ్ళు నేను పేటలో పెద్దమనిషిని. మొగుడూ పెళ్ళాం కొట్టుకున్నా, అన్నదమ్ములు గట్టు కాడ తగువుపడినా, "అక్కను పిలవండి, అంత కష్టంలో ఆపిన మనిషి" అనేవాళ్ళు. పోయేదాన్ని. కూర్చుని బుద్ధులు చెప్పేదాన్ని. నన్ను చూస్తే నాకే సిగ్గు. ఆ సిగ్గు కూడా ఆమె మీద కోపంగానే మారింది. బియ్యం దొంగతనాన్ని ఊరంతా వినేటట్టు తిట్టినదాన్ని, నా కోసం ఆడిన అబద్ధాన్ని మాత్రం చప్పుడు లేకుండా పైటకొంగులో కట్టుకున్నాను.

నెల కిందట ఆమె మంచాన పడిందని తెలిసి పోయాను. చెప్పాలనే పోయాను. మట్టిలో పోసిన బియ్యం గురించి, ఆ అరుపు గురించి, అన్నిటికీ ఒకసారి చేతులు పట్టుకుని అడగాలని. ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. "ఎవురమ్మా నువ్వు?" అంది. పేరు చెప్పాను, మా అమ్మ పేరు చెప్పాను, అన్న పేరు చెప్పాను. తెలియలేదు. నేను ఏడుస్తుంటే, "ఎవురి బిడ్డవో ఏమో, ఏడవద్దు, గంజి తాగినావా?" అని అడిగింది. ఆరేళ్ళు వీధిలో ఎదురుపడుతూనే ఉంటిమి గదా. ఒక్క రోజు నోరు పెగల్లేదు. ఏం మనిషిని నేను?

మంగళవారం గుళ్ళో పెట్టె ముందు చాపలు వేశారు. గొయ్యి తవ్వి వచ్చిన అతను, మా అన్నను చంపిన అతనే, కాళ్ళకు ఎర్రమట్టితో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అయ్యగారు ప్రార్థన చేసి, "ఆ తల్లితో కలిసి ఆ రోజు ఒక ప్రాణం కాపాడిన మన అక్క రెండు మాటలు చెబుతుంది" అన్నారు.

లేచాను.

"అవ్వ అబద్ధం చెప్పింది" అన్నాను. "నేను ఆపల్యా. దాటమన్నా. నరకమన్నా. పెంచిన బిడ్డను నేనే పొమ్మన్నా."

మేనల్లుడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు తిడతారు అని కాచుకున్నాను. ఆడవాళ్ళ వరసలోంచి అతని పెళ్ళాం లేచింది.

"మాకు తెలుసక్కా" అంది.

నేను ఆమెను చూశాను. పదిహేనేళ్ళలో నేరుగా చూడడం అదే మొదలు.

"నాలుగిండ్ల అవతల ఉండేటోళ్ళము. ఆ పొద్దు ఈయప్పను, పిల్లోళ్ళను లోపలేసి గొళ్ళెం పెట్టుకోనుంటిమి. నువ్వు అరిచింది ప్రతి మాటా వినపడింది. పేటంతా వినింది. ఆ సాయంత్రం అవ్వ ఇల్లిల్లూ తిరిగింది. ముందు మా ఇంటికే వచ్చింది. 'మీరేమీ వినల్యా గదమ్మా' అనింది. వినల్యా అవ్వా అన్నాము. అందరూ అట్లే అన్నారు."

ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టి, నా పక్కనే కూర్చుంది. గుళ్ళో ఆమె నా పక్కకు వస్తే ఇన్నేళ్ళూ నేను లేచి ఇంకో వరసలోకి పోయేదాన్ని. ఆ రోజు లేవలేదు. క్షమించానా అంటే లేదు, అబద్ధం చెప్పను. లేచి పోలేదు, అంతవరకే నా చేత అయింది.